ఆ 'మ్‌మ్‌మ్' ఎక్కడి నుంచి వస్తోంది? ఇంటి రికార్డింగుల్లో దూరే శబ్దాన్ని పట్టుకుందాం

[తెర నల్లగా ఉంటుంది. 10 సెకన్ల పాటు ఎవరూ మాట్లాడరు. వెనక సన్నగా 'మ్‌మ్‌మ్' అని వినిపిస్తుంది.]

హెడ్‌ఫోన్స్ ఉంటే పెట్టుకోండి. ఇప్పుడు మీరు విన్నది మా గదిలోని నిశ్శబ్దం. విజయవాడలో మూడో అంతస్తు ఫ్లాటు, రాత్రి 11 గంటలు. రికార్డు చేస్తున్నప్పుడు నాకు ఏ శబ్దమూ వినపడలేదు. ఒకే తీరుగా మోగే చప్పుణ్ణి చెవి కాసేపటికి పట్టించుకోవడం మానేస్తుంది. మైకు మానదు.

[కెమెరా ముందు నేను. బల్ల మీద ల్యాప్‌టాప్, యూఎస్‌బీ మైకు.]

మా అమ్మమ్మ చెప్పే కథలు రికార్డు చేసి దాస్తున్నాను. కిందటి వేసవిలో 40 నిమిషాల కథ చెప్పింది. మర్నాడు వింటే ఈ 'మ్‌మ్‌మ్' మొదటి నుంచి చివరి దాకా ఉంది. మైకు పాడైందనుకున్నాను, కొత్తది కొనడానికి కూడా సిద్ధపడ్డాను. తీరా చూస్తే అది చార్జర్ నుంచి వస్తోంది. ఎలా దొరికిందో చూపిస్తాను.

నాయిస్ రిడక్షన్ (చప్పుడు తీసేసే ఫిల్టర్) ఉంది కదా, ఒక్క నొక్కుతో పోతుంది కదా అంటారు. పోతుంది, కానీ దానితో పాటు మన మాట కూడా పోతుంది. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. 'వచ్చాడు' అనండి. చివరి 'ఉ' ఎంత మెల్లగా వదిలేశారో గమనించారా? అది ఇంచుమించు గదిలోని చప్పుడంత చిన్నది. ఫిల్టర్‌కి రెండూ ఒకలాగే కనిపిస్తాయి.

[ఒకే వాక్యం రెండుసార్లు వినిపిస్తుంది. రెండోసారి ఫిల్టర్ గట్టిగా వేసినది: 'రాముడ్ ఇంటిక్ వచ్చాడ్'.]

స, శ, హ కూడా అంతే. అవి గాలి శబ్దాలు, బుసలాంటి నాయిస్‌కి దగ్గరగా ఉంటాయి. దాన్ని తీసేస్తే వీటికీ దెబ్బ తగులుతుంది. అందుకే ముందు దొంగ ఎక్కడున్నాడో చూడాలి, ఫిల్టర్ మాట తర్వాత.

[తెర మీద రెండు మాటలు: గాలిలోంచా? తీగలోంచా?]

అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. ఫ్యాను, ఫ్రిజ్, రోడ్డు మీద ఆటో, అపార్ట్‌మెంట్ కింద నీళ్ల మోటారు, వీటి శబ్దం గాలిలో వస్తుంది. చార్జర్, కేబుల్, యూఎస్‌బీ పోర్టుల నుంచి వచ్చేది తీగలో వస్తుంది. గాలిలో వచ్చేదానికి తీగ మార్చినా, తీగలో వచ్చేదానికి గోడలకు దుప్పట్లు కట్టినా డబ్బు దండగే.

ముందుగా ఎవరూ మాట్లాడకుండా 30 సెకన్లు రికార్డు చేయండి. ఫోన్‌లో కాకుండా, మీరు రోజూ వాడే మైకుతో, రోజూ పెట్టే గెయిన్‌తోనే (మైకు శబ్దాన్ని ఎంత పెంచాలో చెప్పే సెట్టింగ్) చేయండి. తర్వాత ల్యాప్‌టాప్‌కి చార్జర్ పీకేసి, బ్యాటరీ మీద మరో 30 సెకన్లు తీయండి.

[తెర మీద రెండు తరంగాలు. రెండోదాంట్లో గీత బాగా సన్నబడుతుంది.]

మా ఇంట్లో కథ ఇక్కడే తేలిపోయింది. మెటల్ బాడీ ఉన్న ల్యాప్‌టాప్ చార్జింగ్‌లో ఉన్నప్పుడు చెయ్యి ఆనిస్తే సన్నగా జివ్వుమంటుంది, ఎప్పుడైనా గమనించారా? చార్జర్ లోపలి చిన్న కెపాసిటర్ ద్వారా కొద్దిపాటి కరెంటు బాడీలోకి వస్తుంది. రెండు పిన్నుల చార్జర్ అయినా, సాకెట్‌కి ఎర్తింగ్ సరిగా లేకపోయినా అది నేలలోకి పోయే దారి ఉండదు. మైకు కేబుల్ దాకా వస్తుంది. హమ్, అంటే ఆ 'మ్‌మ్‌మ్', వస్తుండగా ల్యాప్‌టాప్ మెటల్ భాగాన్నో మైకు బాడీనో వేలితో తాకండి. చప్పుడు పెరిగినా తగ్గినా అది ఎర్తింగ్ సంగతే.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. హమ్ పోతుందని మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేసేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. అది ప్రాణాన్ని కాపాడే పిన్ను. రికార్డింగ్ అయ్యేదాకా బ్యాటరీ మీద నడపండి, లేదా ఎలక్ట్రీషియన్‌ని పిలిచి సాకెట్ ఎర్తింగ్ చూపించండి. మైకు, ల్యాప్‌టాప్, ఇంటర్‌ఫేస్ (మైకుని ల్యాప్‌టాప్‌కి కలిపే పెట్టె) అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెట్టినా చాలాసార్లు తగ్గుతుంది.

చార్జర్ తీసినా పోలేదా? అయితే చాలావరకు గాలిదే. ఒక్కొక్కటీ ఆపుతూ 10 సెకన్ల చొప్పున తీయండి. ముందు ఫ్యాను, తర్వాత ఫ్రిజ్, ఆ తర్వాత ట్యూబ్‌లైటు. ఫ్రిజ్‌తో జాగ్రత్త, దాని కంప్రెసర్ కాసేపు తిరిగి కాసేపు ఆగుతుంది. ఆగి ఉన్న సమయంలో పరీక్షించి 'ఫ్రిజ్ కాదు' అని తేల్చేయకండి. ఫ్రిజ్ ప్లగ్గు తీస్తే మళ్లీ పెట్టడం మర్చిపోకుండా కారు తాళాలో ఇంటి తాళాలో దాంట్లో పెట్టండి. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడైతే అసలు రికార్డు చేయకండి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద ఫ్యాను కూడా మామూలు కంటే గట్టిగా గుంయ్‌మంటుంది.

మైకు మీద దిండు పెట్టి చూడమని కొందరు చెబుతారు. బుస లాంటి సన్న శబ్దానికి అది పనిచేస్తుంది. లావు గొంతు హమ్‌ని మాత్రం దిండు ఆపలేదు, కాబట్టి దాన్ని నమ్ముకుని తప్పు దారి పట్టకండి.

[ఆడాసిటీ తెరుచుకుంటుంది. నిశ్శబ్దం ఉన్న భాగాన్ని ఎంచుకుని, ఎనలైజ్ మెనూలో ప్లాట్ స్పెక్ట్రమ్ నొక్కడం కనిపిస్తుంది.]

చెవికి అంతుపట్టకపోతే కంటితో చూడండి. ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. నిశ్శబ్దం ముక్కని సెలెక్ట్ చేసి ప్లాట్ స్పెక్ట్రమ్ తెరిస్తే, ఏ హెర్ట్జ్ దగ్గర శబ్దం ఎంతుందో చూపే గ్రాఫ్‌లో గుట్టలు కనిపిస్తాయి. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకి 50 సార్లు ఊగుతుంది. 50, 100, 150 దగ్గర సూదుల్లా లేచాయంటే అది ఇంటి కరెంటు పనే. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండి చూస్తున్నవాళ్లకి అదే 60, 120, 180 దగ్గర ఉంటుంది.

[గ్రాఫ్‌లో 1000 దగ్గర సన్నటి సూది.]

1000, 2000, 3000 ఇలా వరసగా సూదులు కనిపించి, చెవికి దోమ పాటలా సన్నగా వినిపిస్తే అనుమానం యూఎస్‌బీ మీద పెట్టుకోండి. యూఎస్‌బీలో డేటా సెకనుకి 1000 విడతలుగా వెళ్తుంది, ఆ చప్పుడే మైకులోకి దూరుతుంది. వేగవంతమైన రకంలో అది 8000. పోర్టు మార్చండి, హబ్ తీసి నేరుగా పెట్టండి, పక్కనే ఉన్న హార్డ్‌డిస్క్ పీకండి.

సూదులేవీ లేకుండా చాప పరిచినట్టు అంతటా ఒకే ఎత్తున ఉంటే అది హిస్, అంటే బుస. గెయిన్ అతిగా పెంచి, దూరంగా కూర్చుని మాట్లాడుతున్నారన్నమాట. 30 సెంటీమీటర్ల నుంచి 15కి జరగండి. మీ గొంతు సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, గది చప్పుడు ఉన్నచోటే ఉంటుంది. ఆ మేరకు గెయిన్ తగ్గించేయొచ్చు. ఇంతకంటే చవకైన మందు నాకు తెలియదు.

[గదిలో అమ్మమ్మ కుర్చీ, పైన తిరుగుతున్న సీలింగ్ ఫ్యాను.]

ఇక ఆపలేని శబ్దం సంగతి. విజయవాడ మే నెలలో ఎండలకి పెద్దావిడని ఫ్యాను లేకుండా కూర్చోబెట్టలేను. నేను మైకుని బల్ల మీద, ఆవిడ గడ్డం కింద, పైకి చూస్తున్నట్టు పెట్టేవాణ్ణి. కార్డియాయిడ్ మైకు ముందువైపు బాగా వింటుంది, వెనకవైపు బాగా తక్కువ వింటుంది. అంటే నేను దాని ముఖాన్ని సరిగ్గా ఫ్యానుకేసి తిప్పి పెట్టాను! ఇప్పుడు స్టాండుతో పై నుంచి కిందికి, ఆవిడ నోటివైపు చూసేలా వేలాడదీశాను. ఫ్యాను మైకు వీపు వెనక్కి వెళ్లింది. గాలి కొట్టకుండా పైన ఫోమ్ తొడుగు, స్టాండు కింద నాలుగు మడతల తువ్వాలు, గోడకి బొంత. రికార్డింగ్‌లో 80 హెర్ట్జ్ కింద కోసే హై పాస్ ఫిల్టర్ వేశాను. ఆవిడ గొంతుకి దానివల్ల ఏ నష్టమూ లేదు.

అమ్మకానికి ఆడియోబుక్ చదివేవాళ్లకి ఇది మరీ ముఖ్యం. ఆడియోబుక్కులు అమ్మే ఆడిబుల్ వాళ్ల ఏసీఎక్స్ అనే వేదికలో గది చప్పుడు మైనస్ 60 డెసిబెల్స్ (సున్నా అంటే రికార్డింగ్ పట్టగల గరిష్ఠ శబ్దం) లేదా అంతకంటే తక్కువ ఉండాలని నియమం.

మరి పాత 40 నిమిషాలు? వాటిని పారేయలేదు. 50, 100, 150 దగ్గర సన్నటి నాచ్ ఫిల్టర్లు వేశాను. అవి సూదుల్ని మాత్రమే కోస్తాయి. మిగిలిన కాస్త గరగరని అలాగే ఉంచాను, 'ఉ'లు పోకూడదని.

[పాత రికార్డింగు 10 సెకన్లు. తర్వాత ఈ వేసవిలో తీసినది. పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది. అమ్మమ్మ గొంతు: "అనగనగా ఒక ఊళ్లో ఒక రాజు. ఆ రాజు దగ్గరికి ఒకనాడు ఒక బాటసారి వచ్చాడు..."]