హోంవర్క్ ఏ ఇంటి కోసం?

(కర్నూలు స్టూడియోలో జరిగిన చర్చ నుంచి. పాల్గొన్నవారు: ఆదోని డివిజన్‌లో పనిచేసే ప్రభుత్వ టీచర్, సామాజిక శాస్త్రం చెప్పే లెక్చరర్, ఏటా సుగ్గికి, అంటే పంటల కాలంలో కూలిపనికి వలస వెళ్లే కోసిగి మండలం తల్లి.)

వ్యాఖ్యాత: పదో తరగతి ఫలితాలు రాగానే మంచి మార్కులొచ్చిన పిల్లల ఫొటోలు వేస్తాం. ఫెయిలైన పిల్లల గురించి మాత్రం ‘ఇంట్లో పట్టించుకోరండీ’ అనేసి ఊరుకుంటాం. మేడం, స్టాఫ్‌రూమ్‌లోనూ ఈ మాట వినిపిస్తుందా?

టీచర్: వినిపిస్తుంది. విన్నప్పుడల్లా నాకు కోపమొస్తుంది. మనం ఇచ్చే హోంవర్క్ చూడండి. చార్టు కొనుక్కురా, బొమ్మలు ప్రింట్ తీయించి అంటించు, అమ్మకు పాఠం అప్పజెప్పి సంతకం పెట్టించుకురా. ఇందులో పిల్లవాడి తెలివికి పని ఎంత? చదువొచ్చిన అమ్మ, కాస్త తీరిక ఉన్న సాయంత్రం, చేతిలో నాలుగు డబ్బులు ఉన్న ఇంటికి మనం మార్కులు వేస్తున్నాం.

తల్లి: పొద్దున్నే కూలికి పోతే మళ్లీ చీకటి పడ్డాకే ఇల్లు చేరేది సార్. పాప పుస్తకం తెచ్చి చెప్పమంటుంది. నాకు అక్షరం ముక్క రాదు. చదివించాలని లేకనా?

లెక్చరర్: ఆ అమ్మ చెప్పినదాన్నే ఫ్రాన్సులో పియర్ బోర్దియూ అనే సామాజిక శాస్త్రవేత్త సాంస్కృతిక పెట్టుబడి అన్నాడు. పొలం, డబ్బు లాగే మాటతీరు, పుస్తకాల అలవాటు, టీచర్ ముందు బెదరకుండా నిలబడటం కూడా ఇంటినుంచి వచ్చే ఆస్తే. బడి దాన్ని నేర్పదు, ముందే ఉందనుకుంటుంది. లేని పిల్లలకు తెలివి తక్కువని ముద్ర వేస్తుంది.

వ్యాఖ్యాత: కానీ సార్, కూలి ఇళ్లనుంచి కలెక్టర్లు అయినవాళ్లు లేరా?

లెక్చరర్: ఉన్నారు. బోర్దియూనే పల్లెటూరి పోస్టాఫీసు ఉద్యోగి కొడుకు. అయితే ఆయన హెచ్చరించింది కూడా దీని గురించే. అలా ఒకరిద్దరు గట్టెక్కేసరికి బడి అందరికీ సమానమే అనిపిస్తుంది, మిగతావాళ్ల ఓటమి వాళ్ల తప్పే అయిపోతుంది. ఇక భాష సంగతి. ఇంగ్లండులో బాసిల్ బెర్న్‌స్టైన్ అనే సామాజిక శాస్త్రవేత్త ఒక బొమ్మల కథను ఉదాహరణగా తీసుకున్నాడు. మధ్యతరగతి పిల్లవాడు ‘ముగ్గురబ్బాయిలు ఫుట్‌బాల్ ఆడుతున్నారు, ఒకడు తన్నిన బంతి కిటికీలోంచి దూసుకుపోయింది’ అన్నట్టు చెబుతాడు. కార్మికుల పిల్లవాడు ‘వాళ్లు ఆడుతున్నారు, వాడు తన్నాడు, అది అందులోంచి పోయింది’ అంటాడు. బొమ్మ ఎదురుగా ఉంది కాబట్టి ఇద్దరికీ అర్థం తెలుసు. పరీక్ష పేపరు మాత్రం మొదటి తీరునే గుర్తిస్తుంది.

వ్యాఖ్యాత: అంటే పేదింటి పిల్లలకు భాష తక్కువనా?

లెక్చరర్: అలా చదివితే పొరపాటే. దానికి అమెరికాలో విలియం లబోవ్ అనే భాషా శాస్త్రవేత్త గట్టి జవాబిచ్చాడు. న్యూయార్క్ హార్లెంలో లియాన్ అనే ఎనిమిదేళ్ల నల్లజాతి పిల్లవాడు ప్రశ్నలకు ఒకటి రెండు ముక్కల్లోనే జవాబు చెప్పాడు. తర్వాత ఇంటర్వ్యూ చేసేవాడు చిప్స్ తెచ్చి, వాడి స్నేహితుణ్ని పక్కన కూర్చోబెట్టి, తానూ నేలమీద కూర్చున్నాడు. అప్పుడు వాడు ఆగకుండా మాట్లాడాడు. అంటే లోపం వాడి భాషలో లేదు, అడిగిన తీరులో ఉంది.

టీచర్: మా తరగతిలోనూ అంతే సార్. మిరపకోత కూలిలో అడ్వాన్సు పోను చేతికెంత మిగులుతుందో నోటిలెక్కగా చెప్పే పాప, బోర్డు మీద అదే తీసివేత రాస్తే తల దించుకుంటుంది. హొళగుంద వైపు కొన్ని ఇళ్లలో కన్నడ. బడికొస్తే పుస్తకం తెలుగు, ఇంగ్లిష్. మొదటి నెలంతా ఆ పిల్లలు నోరు విప్పరు. వాళ్లను మందమతులనడం అన్యాయం.

వ్యాఖ్యాత: అమ్మా, సుగ్గికి పోతే పిల్లల చదువు సంగతేంటి?

తల్లి: దీపావళి దాటితే గుంటూరు దిక్కు పోతాం. ముందు పత్తి, తర్వాత మిరపకాయ. ఉగాది దగ్గర పడితే తిరుగుతాం. పెద్దదాన్ని హాస్టల్లో పెట్టినాం. చిన్నోణ్ని ఎవరికాడ ఇడుస్తాం సార్? ఎంటబెట్టుకుని పోతాం.

టీచర్: విద్యాహక్కు చట్టం ప్రకారం ఏడాదికి ఐదో తరగతి వరకు 200 రోజులు, ఆరు నుంచి ఎనిమిది వరకు 220 రోజులు బడి నడవాలి. చిన్నోడికి అందులో సగం కూడా అందదు. అమ్మానాన్నలు వలస పోయినప్పుడు పిల్లలు ఇక్కడే ఉండి చదివే సీజనల్ హాస్టళ్లు ఇంకా పెంచాలి, అక్టోబరులోపే తెరవాలి. ఇళ్లు ఖాళీ అయ్యాక తెరిస్తే ఎవరొస్తారు? హోంవర్క్ బదులు బడిలోనే సాయంత్రం గంట చదివిద్దాం, ఆ గంటకు జీతం ఇచ్చి ఒక మనిషిని పెట్టమనండి.

తల్లి: టీచరమ్మా, పోయినసారి అక్కడి బడికి పోతే టీసీ లేదని చేర్చుకోలేదు.

టీచర్: అక్కా, అలా అనడానికి లేదు. 2009 విద్యాహక్కు చట్టం ఐదో సెక్షన్ చూడండి. టీసీ ఆలస్యమైందని కొత్త బడి చేర్చుకోకుండా ఉండకూడదు, ఆలస్యం చెయ్యకూడదు. అడిగిన వెంటనే టీసీ ఇవ్వాల్సింది ఇక్కడి హెడ్మాస్టరు. ఏడాది మధ్యలో వచ్చినా చేర్చుకోవాలని పదిహేనో సెక్షన్. ఈసారి బయల్దేరే ముందు రోజు బడికి రా, కాగితం నేనే దగ్గరుండి రాయిస్తాను.