మందుల దుకాణంలో నేర్చుకున్న పని

అందరికీ నమస్కారం. ఉద్యోగం పోయినవారికి నాలుగు ధైర్య వచనాలు చెప్పమని గ్రంథాలయం వారు నన్ను పిలిచారు. ధైర్యం చెప్పేవారు మీ ఇళ్లలో ఇప్పటికే చాలామంది ఉండి ఉంటారు. అందుకని నేను పని గురించి మాట్లాడతాను.

పదకొండేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టర్‌గా, అంటే ప్రోగ్రాముల్లో తప్పులు పట్టే పని చేశాను. 2022 నవంబరులో ఫేస్‌బుక్ సంస్థ మెటా 11,000 మందిని, 2023 జనవరిలో గూగుల్ 12,000 మందిని తీసేస్తున్నట్టు ప్రకటించినప్పుడు నా బెంగంతా అమెరికాలో ఉన్న మా తమ్ముడి గురించే. హెచ్-1బి వీసా మీద ఉన్నవారికి ఉద్యోగం పోతే మరొకటి వెతుక్కోవడానికి మహా అయితే 60 రోజుల గడువుంటుంది. వాడి ఉద్యోగం నిలిచింది. ఫిబ్రవరిలో ఒక మంగళవారం పొద్దున, పావుగంట వీడియో సమావేశంలో నాది పోయింది. ఆ సాయంత్రానికి ఆఫీసు ల్యాప్‌టాప్ నా పాస్‌వర్డ్ తీసుకోలేదు.

ఆ తర్వాత రెండు నెలలు నేను చేసిన పని, ఈ గదిలో చాలామంది ఇప్పుడు చేస్తున్నదే. వరసగా కోర్సులు. ఏడు పూర్తిచేసి ఏడు సర్టిఫికెట్లు దాచుకున్నాను. వీడియో చూస్తున్నంతసేపూ అంతా అర్థమైనట్టే ఉండేది. ఒక ఇంటర్వ్యూలో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో చిన్న ప్రోగ్రాము రాయమంటే చేయి ఆడలేదు. వంటల కార్యక్రమం ఎన్నిసార్లు చూసినా ఉప్పు పాళ్లు చేతికి రావు కదా. కోర్సులు వద్దని నేను అనను. ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో 4, 8, 12 వారాల పాఠాలు ఉచితంగా చదువుకోవచ్చు, పరీక్ష రాస్తేనే రుసుము. ప్రతి వారం అసైన్‌మెంట్ చేయక తప్పదు కాబట్టి నాకు అది నచ్చింది. అయినా ఒక్కటి చాలు. ఏడు అనవసరం.

నాకు పని నేర్పింది మా వీధి చివరి మందుల దుకాణం. అత్తగారి బీపీ మాత్రల కోసం వెళితే, దుకాణం పెద్దాయన నేల మీద అట్టపెట్టెలు పరుచుకుని, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని, ఒక్కో స్ట్రిప్పును వెలుతురుకు పట్టి తేదీ చదువుతున్నారు. ఆయనను నేను బాబాయి గారూ అంటాను. గడువు దగ్గరపడిన మందులను సకాలంలో డిస్ట్రిబ్యూటరుకు తిప్పి పంపకపోతే ఆ నష్టం ఆయనదే. "నెలకు రెండు ఆదివారాలు దీనికే సరిపోతాయమ్మా" అన్నారు. నేను చేసిపెడతానన్నాను.

వారం రోజులు కూర్చుని ఒక ప్రోగ్రాము రాశాను. ఆయన ముందు తెరిస్తే, మే 2023 అని ఉన్న మందులన్నీ మే 1 నాటికే గడువు తీరినట్టు ఎర్రగా చూపింది. "ఇదేమిటమ్మా! నెల వేశారంటే ఆ నెల ఆఖరి రోజు దాకా అని లెక్క. నెలంతా అమ్ముకోవచ్చు" అన్నారు. హద్దుల దగ్గర తప్పులు పట్టడమే పదకొండేళ్లుగా నా వృత్తి. నా సొంత ప్రోగ్రాములో ఆ హద్దే చూసుకోలేదు. తర్వాత ఇంకొకటి బయటపడింది. ఒకే మందు, మూడు బ్యాచ్‌లు (ఒక్కో విడత తయారీ), మూడు తేదీలు. మందుకు ఒక వరస చొప్పున కట్టిన పట్టిక మొత్తం విప్పి, బ్యాచ్‌కు ఒక వరసగా మళ్లీ కట్టాను. డేటాబేస్ పాఠాల్లో నాలుగుసార్లు విన్న సంగతి, ఆ పెట్టెల మధ్య కూర్చున్నప్పుడు బుర్రకెక్కింది. మాత్రలు కత్తిరించి ఇచ్చేటప్పుడు తేదీ ముద్రించిన కొసను ఆఖరి దాకా ఎందుకు ఉంచుతారో కూడా అక్కడే చూశాను.

ఆరు వారాలు పట్టింది. మొహమాటపడుతూనే మూడు వేలు తీసుకున్నాను. మీరూ తీసుకోండి, ఎంత చిన్న మొత్తమైనా సరే. డబ్బిచ్చినవారు తప్పు నిక్కచ్చిగా చెబుతారు. ఊరికే చేసిపెడితే "బాగుందమ్మా" అని పక్కన పెట్టేస్తారు.

ఆగస్టులో జరిగిన ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ల గురించి ఒక్క ప్రశ్న రాలేదు. నెలాఖరు తేదీ గురించే ఇరవై నిమిషాలు మాట్లాడుకున్నాం. ఆ ఉద్యోగమే ఇప్పుడు చేస్తున్నాను.

ఈ మధ్యలో నాకూ ఫోన్లు వచ్చాయి. లక్షన్నర ఇస్తే కొత్త టెక్నాలజీలో నాలుగేళ్ల అనుభవం ఉన్నట్టు కాగితాలు పుట్టిస్తామన్నారు. వాళ్ల మాట వినకండి, చేతులెత్తి అడుగుతున్నాను. ఏ కంపెనీ ఏ నెల నుంచి ఏ నెల దాకా జమ చేసిందో పీఎఫ్ ఖాతాలో కనిపిస్తుంది. చేరిన మూడో నెలలో దొరికిపోయి, అప్పుతో ఇంటికి వచ్చిన పిల్లవాణ్ణి నేను చూశాను. వాడి తల్లి ముఖమూ చూశాను.

ఇంకొక మాట, డబ్బు సంగతి. ఒకే సంస్థలో ఐదేళ్లు నిండిన శాశ్వత ఉద్యోగికి పనిచేసిన ఒక్కో ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున గ్రాట్యుటీ రావాలి, అదీ ఉద్యోగం వీడిన 30 రోజుల్లోపు. రాతపూర్వకంగా అడగండి. వచ్చే నెల ఇంటి అద్దె ఎలాగన్న దిగులుతో ఏ పాఠమూ తలకెక్కదు.

ఇక్కడికి వస్తూ బాబాయి గారి దుకాణం దగ్గర ఆగాను. ఆయనకు మందులు పంపే డిస్ట్రిబ్యూటరు గోదాములో, తిరిగొచ్చిన సరుకు లెక్కలు ఇంకా కాగితాల మీదే నడుస్తున్నాయట. "ఖాళీగా ఉన్నవాళ్లెవరైనా ఉంటే పంపమ్మా" అన్నారు. మీ ప్రశ్నలు అయ్యాక ఆ తలుపు పక్కన నిలబడి ఉంటాను. వెళ్లదలచినవారు వచ్చి చిరునామా తీసుకోండి.