పది శాతమే కదా తగ్గించమన్నది!

నమస్కారమండీ. "పది శాతమే కదా, ఇచ్చేద్దాం, అమ్మకం పెరుగుతుంది" అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. మంచి సరుకు చేసే ఎన్నో చిన్న వ్యాపారాలకు గండి పడేది ఇక్కడే.

ఆవకాయ తీసుకుందాం. కాయ, కారం, ఆవపిండి, నువ్వుల నూనె, కూలి, సీసా అన్నీ కలిపి కిలోకి 400 పడింది. అమ్మేది 500కి.

[తెర మీద: 500 – 400 = 100]

ఇప్పుడు పది శాతం తగ్గించారు. తగ్గేది 500 మీద, మీకు మిగిలే 100 మీద కాదు. అంటే 50 పోయింది. ధరలో పది శాతం, లాభంలో సగం! పాత లాభం రావాలంటే సరిగ్గా రెట్టింపు అమ్మాలి. ఐదు శాతం తగ్గిస్తే మూడో వంతు ఎక్కువ అమ్మితే చాలు. పదిహేను తగ్గిస్తే మాత్రం నాలుగింతలు.

"నాకు పాతిక శాతం లాభం, ఇరవై ఇచ్చినా ఐదు మిగులుతుంది" అనేవాళ్లు ఇంకొందరు. అయ్యా, ఆ పాతిక 400 మీద లెక్క. తగ్గింపు 500 మీద. 500లో ఇరవై శాతం ఎంత? 100. చేతికి సున్నా.

ఇక్కడ ఓ మెలిక ఉంది. ఆ 400లో షెడ్డు అద్దె లాంటివి 40 ఉన్నాయనుకోండి. అవి ఎన్ని కిలోలు అమ్మినా మారవు. అప్పుడు కిలోకి అసలు ఖర్చు 360. తగ్గించకముందు 140, పది శాతం తగ్గించాక 90 మిగులుతుంది. రెట్టింపు అక్కర్లేదు, 56 శాతం ఎక్కువ అమ్మితే చాలు. అందుకే ముందు ఖర్చుల్ని రెండుగా విడగొట్టుకోండి: కిలోతోపాటు పెరిగేవి, పెరగనివి.

సరే, 56 శాతమే అనుకుందాం. సరుకేదండీ? ఆవకాయ పెట్టేది ఎండాకాలంలో. సెప్టెంబరులో ధర తగ్గించి ఎక్కువ అమ్ముదామంటే కొత్త కాయ ఎక్కడిది? ఉన్న జాడీలు తొందరగా ఖాళీ అవుతాయి, అంతే. సీజన్ సరుకుకు తగ్గింపు ఇవ్వడమంటే నా దృష్టిలో చేతులారా నష్టం తెచ్చుకోవడమే.

అదే ధర పది శాతం పెంచితే? 400 లెక్కనే చూసినా కిలోకి 150 మిగులుతుంది. అమ్మకం మూడో వంతు పడిపోయినా లాభం పాతదే.

మరి బేరానికొచ్చిన హాస్టల్ మెస్ వాళ్లకు ఏం చెప్పాలి? శాతాల్లో మాట్లాడకండి, రూపాయల్లో మాట్లాడండి. ఊరికే తగ్గించకండి, బదులుగా ఏదో ఒకటి అడగండి. "యాభై కిలోలు ఒకేసారి తీసుకుని, సగం అడ్వాన్సిచ్చి, మీ డబ్బాల్లో పట్టించుకెళ్తే కిలోకి 20 తగ్గిస్తానండీ" అనండి. సీసా, మూత, లేబుల్, అట్టపెట్టె కలిపి కిలోకి పాతిక మిగిలితే, మీ వంద కాస్తా నూట ఐదవుతుంది. ఈ మాట చెప్పాక కాసేపు ఆగండి. వాళ్లు జవాబివ్వకముందే మీరే ఇంకో పది తగ్గించేయడం చాలామంది చేసే పొరపాటు.

టైమ్ అయిపోతోంది, అరువు గురించి గబగబా చెప్పేస్తాను. రెండు నెలల అరువంటే అది కూడా తగ్గింపే. మీ 400 నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిందైతే, కిలోకి 16 వడ్డీకే పోతుంది. పది శాతం తగ్గించి, ఆపై అరువూ ఇస్తే 50లో మిగిలేది 34.

చట్టం కూడా మీవైపు ఉంది. చిన్న పరిశ్రమల కోసం తెచ్చిన 2006 ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న తయారీదారుకు కొన్నవాళ్లు 45 రోజుల్లోపు డబ్బు కట్టాలి. గడువు రాసుకోకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతలు, నెలవారీ చక్రవడ్డీ. కొని అమ్మేవాళ్లకు ఇది వర్తించదు, చేసి అమ్మేవాళ్లకు వర్తిస్తుంది. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ నమోదు ఉచితం. సరుకు పంపకముందే చేయించుకుని, ఆ నంబరు ప్రతి బిల్లు మీదా వేయించండి.