ఊరికో సాయంత్రం

శ్రోతలకు నమస్కారం.

జూలై నెల రాగానే మన కోస్తా పట్నాల్లో ఏదో ఒక కల్యాణ మండపం ముందు నీలం, బంగారు రంగుల ఫ్లెక్సీ ఒకటి వెలుస్తుంది. మూలన పళ్లచక్రం గుర్తు, మధ్యన ఒక పెద్దమనిషి ఫొటో, కింద 'గవర్నర్ గారికి స్వాగతం' అన్న అక్షరాలు. ఆ గవర్నర్ రాష్ట్రాన్ని ఏలే గవర్నర్ కాదు, రోటరీ అనే సేవాసంస్థకి జిల్లా గవర్నర్. జీతం ఉండదు, సర్కారు కారూ ఉండదు. ఎవరి వృత్తి, ఎవరి వ్యాపారం వాళ్లు చూసుకుంటూనే, జూలై 1 నుంచి మరుసటి జూన్ 30 దాకా ఆ బాధ్యత మొయ్యాలి. ఆ ఏడాదిలో తన జిల్లాలోని ప్రతి క్లబ్బుకీ వెళ్లి కూర్చోవాలి. కొన్నేళ్ల కిందట ఆ పని నా వంతుకొచ్చింది. ఆ తిరుగుడు గురించే ఈ పూట చెబుదామని వచ్చాను.

రోటరీ జిల్లా అంటే కలెక్టరు గారి జిల్లా కాదు. శ్రీకాకుళం మొదలు కృష్ణా దాకా, పాత లెక్కన ఆరు జిల్లాలు కలిస్తే మా ఒక్క జిల్లా. ఈ చివర ఇచ్ఛాపురం, ఆ చివర జగ్గయ్యపేట.

నిజానికి తిరగడం ఈ సంస్థ పేరులోనే ఉంది. 1905 ఫిబ్రవరి 23న షికాగో నగరంలో పాల్ హారిస్ అనే లాయరు ముగ్గురు స్నేహితులతో కూర్చున్నాడు. ఒకాయన బొగ్గు వ్యాపారి, ఒకాయన గనుల ఇంజనీరు, ఇంకొకాయన బట్టలు కుట్టే షాపు యజమాని. పల్లెటూళ్ల నుంచి వచ్చి ఆ మహానగరంలో ఒంటరిగా బతుకుతున్నవాళ్లకి నలుగురూ కలుసుకునే చోటొకటి కావాలనిపించింది. ఈ వారం ఒకరి ఆఫీసులో, పై వారం ఇంకొకరి ఆఫీసులో, అలా వంతులవారీగా తిరుగుతూ కూర్చునేవారు. అందుకే రోటరీ అయింది. పదవులు కూడా అంతే. అధ్యక్షుడైనా, కార్యదర్శి అయినా, గవర్నరైనా ఏడాది తిరిగేసరికి కుర్చీ ఇంకొకరిది. ఒకే మనిషి పాతుకుపోకుండా ఉండటానికి ఇది మంచి కట్టుబాటే. కానీ ఇందులో ఒక చిక్కుంది. అదేమిటో నాకు కారెక్కి ఊళ్లు పట్టుకు తిరిగితే గానీ తెలియలేదు.

ముందు తేదీలు కుదరాలి కదా. మా ఆవిడ వంటింటి గోడకున్న తెలుగు క్యాలెండరు తీసి బల్లమీద పరిచింది. ఆషాఢంలో ముహూర్తాలుండవు, కల్యాణ మండపాలు ఖాళీగా ఉంటాయి. అందుకే కొత్త అధ్యక్షుల ప్రమాణ స్వీకారాలన్నీ ఆ నెల్లోనే జరిగిపోతాయి. శ్రావణం వచ్చిందంటే పెళ్లిళ్ల మూలంగా మాకు హాలు దొరకదు. శ్రావణ శుక్రవారం మీటింగు పెడితే ఆడవాళ్లు రాలేరు. చవితి రోజుల్లో సభ్యుల్లో సగంమంది వినాయకుడి పందిరి కమిటీలో ఉంటారు. ఆ తర్వాత దసరా, ఆ వెనకే కార్తీక వనభోజనాలు. వీటి సందుల్లో దూరి తేదీలు వేసుకోవాలి. నేను వృత్తికి ఆడిటర్ని. జూలై 31 ఇన్‌కంటాక్సు రిటర్నులకి గడువు, సెప్టెంబరు 30 ఆడిట్ రిపోర్టులకి గడువు. సరిగ్గా ఆ రెండింటి మధ్యే నా తిరుగుడులో ఎక్కువ భాగం. కారు వెనక సీట్లో ఒక పక్క శాలువాలు, మెమెంటోలు, ఇంకో పక్క నా క్లయింట్ల ఫైళ్లు. అన్నవరం కొండ కింద టీ తాగుతూ సంతకాలు పెట్టిన బ్యాలెన్స్ షీట్లు ఎన్నో.

ఆగస్టులో ఒక వారమంతా కోనసీమకని పెట్టుకున్నాను. ఈలోగా గోదావరి పొంగింది. ధవళేశ్వరం దగ్గర 13 లక్షల క్యూసెక్కులు దాటి రెండో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. లంకల్లోకి నీళ్లొచ్చేశాయి. "గవర్నర్ గారూ, మీరు రావద్దు. మాకు మీటింగు లేదు, పులిహోర పొట్లాలున్నాయి" అని ఒక అధ్యక్షురాలు ఫోన్ చేసి చెప్పింది. వాళ్లు చేస్తున్నదే అసలు మీటింగు అన్నాను. రెండు వారాల తర్వాత వెళ్లినప్పుడు కూడా ఆ క్లబ్బు వాళ్ల చెప్పులకి ఒండ్రుమట్టి మరకలు పోలేదు.

సందర్శన అంటే ఒక పద్ధతి ఉంటుంది. మధ్యాహ్నం ఏదో ఒక ప్రారంభోత్సవం: కుట్టుమిషన్లో, బడికి బెంచీలో, కంటి శిబిరమో. సాయంత్రం అందరూ కూర్చునే సభ. గంట కొట్టి మొదలుపెడతారు, జనగణమనతో ముగిస్తారు, తర్వాత భోజనాలు. ప్రారంభోత్సవానికీ సభకీ మధ్య ఒక గంట ఉంటుంది. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి, డైరెక్టర్లు, వీళ్లతో గవర్నరు తలుపు వేసుకుని మాట్లాడే గంట. ఫొటోగ్రాఫరు ఆ గదిలోకి రాడు. నా మటుకు నాకు సందర్శన అంటే ఆ గంటే.

మొదటి అయిదారు ఊళ్లలో నేనూ అందరిలాగే అడిగాను, ఈ ఏడాది ఏం చేయబోతున్నారని. అందరి దగ్గరా జాబితాలున్నాయి, మంచి జాబితాలే. ఆ తర్వాత ఒక ఊళ్లో బడిలో బెంచీలు ఇచ్చి బయటికొస్తుంటే, ప్రహరీ పక్కన చిన్న గది కనబడింది. గోడకి నల్లరాతి పలక, దానిమీద పది పేర్లు. తలుపుకి తాళం, తాళానికి తుప్పు. కిటికీలోంచి చూస్తే లోపల మంచినీళ్ల ప్లాంటు, స్టీలు ట్యాంకు మీద దుమ్ము, పైపుకి సాలెగూడు. ఇదేమిటండీ అంటే, కొత్త అధ్యక్షుడు ఇబ్బందిపడ్డాడు. "అది మా ముందువాళ్లు పెట్టింది సార్" అన్నాడు. అబద్ధం చెప్పలేదు. తప్పించుకోవాలనీ చూడలేదు. ఆయనకి సంబంధించినంతవరకూ అది నిజంగానే ముందువాళ్లది. ఆ ముందువాళ్లకి జూన్ 30తో అది అయిపోయింది.

నేను చెప్పిన చిక్కు ఇదే. పద్దుల్లో ఆ ప్లాంటు రిబ్బను కత్తిరించిన రోజుతో ముగిసింది. కానీ ప్లాంటుకి అసలు బతుకు అక్కణ్నుంచే కదా మొదలు! ఫిల్టర్లు మార్చాలి, మెంబ్రేన్ మార్చాలి, మోటారు కాలితే బాగుచేయించాలి. వీటికి డబ్బెవరు తీసిపెట్టారు? తాళం ఎవరి చేతికిచ్చారు? ఆ ప్రశ్న ఏ ఏడాది జాబితాలోనూ రాదు, ఎందుకంటే అది ఏ ఏడాదికీ చెందదు.

ఆ రోజునుంచి నా పద్ధతి మార్చుకున్నాను. ఊరికి వెళ్లే రెండు రోజుల ముందే అధ్యక్షుడికి ఫోన్ చేసి, "ప్రారంభోత్సవం మీ ఇష్టం. నాకు మాత్రం మీ క్లబ్బు అయిదేళ్ల కిందట చేసిన పని ఏదైనా ఒకటి చూపించండి" అనేవాణ్ని. కొందరికి కష్టంగా తోచింది. కొందరు ఉత్సాహంగా తీసుకెళ్లారు. ఒక ఊళ్లో అదే రకం మంచినీళ్ల ప్లాంటు పచ్చగా నడుస్తోంది. దాన్ని నడిపే అమ్మాయి డ్వాక్రా సంఘంలో మనిషి. ఇరవై లీటర్ల టిన్నుకి తీసుకునే డబ్బులో కొంత ఫిల్టర్లకని విడిగా బ్యాంకులో వేస్తోంది. పాసుపుస్తకం చూపించమంటే చేతులు తుడుచుకుని, పాలిథిన్ కవరులోంచి తీసి ఇచ్చింది. ఆడిటరుగా ఎన్నో పుస్తకాలు చూశాను. అంత శుభ్రమైన పుస్తకం చాలా అరుదు.

ఇంకొక ఊళ్లో రిటైరైన హెడ్మాస్టారు ఒకాయన ఇంటికి తీసుకెళ్లారు. ఆయన ట్రంకుపెట్టె తెరిస్తే లోపల పసుపు టోపీలు, ఈలలు, చినిగిన బ్యానరు. పల్స్ పోలియో ఆదివారాలవి. చుక్కలు వేసుకున్న పిల్లల చిటికెన వేలికి సిరా గుర్తు పెట్టడం శ్రోతల్లో చాలామందికి గుర్తుండే ఉంటుంది. రోటరీ ఈ పోలియో పని 1985లో తలకెత్తుకుంది. 1988 నాటికి ప్రపంచంలో 125 దేశాల్లో ఆ జబ్బు ఉంది, ఏటా మూడున్నర లక్షలమంది పిల్లలు దాని బారిన పడేవారు. మన దేశంలో 1995లో పల్స్ పోలియో మొదలైంది. చివరి కేసు 2011 జనవరి 13న హౌరాలో ఒక పసిపాపకి. 2014 మార్చి 27న మన దేశానికి పోలియో లేదన్న ధ్రువీకరణ వచ్చింది. ప్రభుత్వం, ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీలు, ఆరోగ్య సిబ్బంది, అందరి చేయీ అందులో ఉంది. కానీ రోటరీ వైపు నుంచి చూస్తే 1985 నుంచి 2014 వరకు ఎంతమంది అధ్యక్షులు మారారో లెక్క వేసుకోండి. ఊరికి ముప్ఫైమంది. ఒక్కరూ 'అది మా ముందువాళ్లది' అనలేదు. మాస్టారు ఈలొకటి నా చేతిలో పెట్టి, "పిల్లలు రాకపోతే వీధి చివర నిలబడి ఊదేవాణ్ని బాబూ, నా క్లాసనుకుని పరిగెత్తుకొచ్చేవారు" అన్నారు.

ఇక గోదావరి జిల్లాల్లో ఒక చిన్న ఊరి సంగతి చెప్పాలి. పేరు వద్దు. వాళ్లు పేరు కోసం చేసినవాళ్లు కారు.

మా కాగితాల్లో ఆ క్లబ్బు బలహీనమైనది. సభ్యులు పధ్నాలుగుమంది. చందాలు ఆలస్యం. రెండేళ్లుగా చెప్పుకోదగ్గ కొత్త కార్యక్రమం లేదు. పక్క ఊరి క్లబ్బులో కలిపేద్దామా అని ఒక ఆలోచన కూడా ఉంది. ఆ మాట వాళ్లకి నొప్పి లేకుండా ఎలా చెప్పాలా అనుకుంటూనే వెళ్లాను. ఫ్లెక్సీ లేదు. మందుల షాపు మీద మేడగది, తొమ్మిదిమంది మనుషులు, స్టీలు పళ్లెంలో మిక్చరు, టీ. షాపు యజమానే కార్యదర్శి. అయిదేళ్ల కిందటి పని చూపించండి అంటే, ఆయన కిందికెళ్లి పొడవాటి లెక్కల పుస్తకం ఒకటి తెచ్చాడు.

పోయినవాళ్లని ఉంచే ఫ్రీజర్ బాక్సు రిజిస్టరది. పదకొండేళ్ల కిందట తలా కొంత వేసుకుని ఆ పెట్టె కొన్నారట. పుటకి ఆరు గళ్లు గీసి ఉన్నాయి: తేదీ, తీసుకెళ్లిన వేళ, ఇంటి పేరు, మోసినవారు, తిరిగొచ్చిన వేళ, తుడిచినవారు. ఆఖరి గడిలో ప్రతి వరసలోనూ ఒక సంతకం. పదకొండేళ్లలో ఒక్క గడీ ఖాళీ లేదు. నేను వేలితో కిందికి చూసుకుంటూ పోయాను. ఒకే పుటలో రామాలయం వీధి, చర్చి పేట, కాలవగట్టు మీద గుడిసెలు. అద్దె లేదు. తాళంచెవి షాపులో లైసెన్సు ఫ్రేము పక్క మేకుకి వేలాడుతుంది. రాత్రి షట్టరు వేశాక దానిమీద మూడు ఫోను నంబర్లు ఉంటాయి.

"ఎక్కువగా ఎవరికి కావలసొస్తుందండీ?" అని అడిగాను.

"మా వైపు ఇంటికొకరు కువైట్‌లోనో, మస్కట్‌లోనో ఉంటారు కదా సార్. వాళ్లొచ్చి చూసుకునేదాకా ఉంచాలి. డబ్బున్నవాళ్లకి రాజమండ్రి నుంచి వస్తుంది. లేనివాళ్లకి ఎవరు తెస్తారు?"

నేను ఇంకేదో అడగబోతుంటే ఆయన ఫోను మోగింది. విని, లేచి, "సార్, మీరు కానివ్వండి. నేనూ మా తమ్ముడూ వెళ్లొస్తాం" అన్నాడు. నలుగురు కావాలి ఆ పెట్టెకి. మిగతావాళ్లలో ఇద్దరు పెద్ద వయసువాళ్లు, ఒకాయనకి నడుంనొప్పి. నేను కోటు విప్పి కుర్చీకి తగిలించాను. మా డ్రైవరూ వచ్చాడు.

టాటా ఏస్ బండిలో ఎక్కించి తీసుకెళ్లాం. కాలవగట్టు ఇల్లు. ముసలావిడ పోయింది. కూతురు కువైట్‌లో ఉంది, పధ్నాలుగేళ్ల మనవడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. గుమ్మం చిన్నది, పెట్టె ఏటవాలుగా తిప్పితే గానీ పట్టలేదు. కార్యదర్శి ముందు స్టెబిలైజరు పెట్టి, ప్లగ్గు చూసి, లోపల చల్లబడిందో లేదో అరచెయ్యి ఆనించి చూశాడు. అప్పుడు ఆవిణ్ని పడుకోబెట్టాం. అద్దం మూత వేశాక జేబులోంచి గుడ్డ తీసి దాన్ని మెల్లగా తుడిచాడు. తర్వాత ఆ కుర్రాణ్ని దగ్గరికి పిలిచి, "బాబూ, కరెంటు పోతే భయపడకు. ఈ నంబరుకి చెయ్యి. ఎన్ని గంటలైనా సరే, జనరేటరు పంపిస్తా. మీ అమ్మ ఎప్పుడొస్తుందో తెలియగానే చెప్పు" అన్నాడు.

తిరిగి మేడగదికి వచ్చేసరికి పదకొండు. సభ జరగలేదు, ప్రసంగం చెయ్యలేదు. కార్యదర్శి పుస్తకం తెరిచి తేదీ వేశాడు, వేళ వేశాడు, ఇంటి పేరు రాశాడు. మోసినవారు అన్న గడి దగ్గర కలం ఆపి నావైపు చూశాడు. "మీ పేరు రాయమంటారా సార్?" రాయండి అన్నాను.

ఆ రాత్రి కార్లో లైటు వేయించుకుని క్లబ్బు నివేదిక ఫారం తీశాను. కలపడం గురించి రాయాల్సిన చోట, ఈ క్లబ్బు ఇలాగే ఉండాలి అని రాశాను.

నాలుగో రోజు పొద్దున్నే నేను ఇంకో ఊళ్లో ఉండగా ఆయన ఫోన్ చేశాడు. "కూతురొచ్చింది సార్. కార్యక్రమం అయిపోయింది. పెట్టె తెచ్చి తుడిచి పెట్టేశాం."