ఫిడ్రిచ్ భుజానికి ఏమైంది?

అందరికీ నమస్కారం. మన పిల్లల్లో చాలామంది ఇక్కడ లిటిల్ లీగ్‌లో బేస్‌బాల్ ఆడుతున్నారు. అందుకే ఈ సాయంత్రం మార్క్ ఫిడ్రిచ్ అనే పిచర్, అంటే బ్యాటర్‌కి బంతి వేసే ఆటగాడి గురించి చెప్పాలనుకున్నాను.

1976లో డెట్రాయిట్ టైగర్స్ జట్టులోకి వచ్చేనాటికి అతనికి 21 ఏళ్లు. పొడుగ్గా, ఉంగరాల జుట్టుతో ఉండేవాడు. ‘ద బర్డ్’ అని ముద్దుపేరు. బంతి వేసే ముందు దాంతో మాట్లాడేవాడు. మోకాళ్ల మీద కూర్చుని, పిచర్ నిలబడే మట్టిదిబ్బను చేతులతోనే చదును చేసుకునేవాడు. జూన్ 28న న్యూయార్క్ యాంకీస్ జట్టుతో ఆడిన మ్యాచ్‌ను దేశమంతా టీవీలో చూసింది. డెట్రాయిట్ 5-1తో గెలిచింది. అతను మళ్లీ బయటికొచ్చి కనబడేదాకా స్టేడియంలో జనం కదల్లేదు.

ఆ సీజన్‌లో 19 గెలుపులు, 9 ఓటములు. ఫీల్డర్ల తప్పులతో వచ్చినవి తీసేస్తే, తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఇచ్చిన పరుగులు 2.34. మేజర్ లీగ్ అంటే అక్కడి అత్యున్నత స్థాయి బేస్‌బాల్; అందులోని రెండు లీగుల్లో ఒకటైన అమెరికన్ లీగ్‌లో అది అందరికన్నా తక్కువ. రూకీ ఆఫ్ ది ఇయర్, అంటే ఆ ఏటి ఉత్తమ కొత్త ఆటగాడు కూడా అతనే.

నాకు టెన్షన్ పుట్టించే అంకె మాత్రం వేరే ఉంది. అతను మొదలుపెట్టిన 29 మ్యాచ్‌ల్లో 24 మ్యాచ్‌లు చివరిదాకా తనే వేశాడు. మే ఆఖర్లో ఒకటి, జూన్ మొదట్లో ఒకటి, వరసగా రెండు మ్యాచ్‌ల్లో పదకొండేసి ఇన్నింగ్స్! మామూలుగా మ్యాచ్‌కి తొమ్మిదే. అంత చిన్న వయసు చేతికి అంత పని చెప్పడం తప్పని నేను గట్టిగా నమ్ముతాను.

1977 మార్చిలో ప్రాక్టీసులో మోకాలు దెబ్బతింది. కోలుకుని వచ్చాక జులైలో, మ్యాచ్ మధ్యలోనే చేతిలో సత్తువ పోయింది. ఏమైందో ఎవరికీ అంతుపట్టలేదు. ఆ తొలి ఏడాది తర్వాత మేజర్ లీగ్‌లో అతను గెలిచినవి మొత్తం పది మ్యాచ్‌లే. అయినా 1983 దాకా చిన్న లీగుల్లో ప్రయత్నిస్తూనే ఉన్నాడు. 1985లో జేమ్స్ ఆండ్రూస్ అనే సర్జన్ చూసి చెప్పాడు: భుజంలో రొటేటర్ కఫ్, అంటే కీలును పట్టి ఉంచే కండరాల పట్టీ, చిరిగి ఉందని. అప్పటికే ఎనిమిదేళ్లు గడిచిపోయాయి.

ఇలాంటివాళ్లను చూసి ‘పేరు రాగానే కళ్లు నెత్తికెక్కాయి’ అని తేలిగ్గా అనేస్తాం. అది అన్యాయం. క్లీవ్‌లాండ్ ఆటగాడు జో చార్బొనో 1980లో 23 హోమ్ రన్లు (క్రికెట్‌లో సిక్సర్ లాంటివి) కొట్టి రూకీ ఆఫ్ ది ఇయర్ అయ్యాడు. మరుసటి ఏడాది వెన్ను దెబ్బతింది, 1982 తర్వాత మేజర్ లీగ్‌లో మళ్లీ ఆడలేదు. అదే జట్టు పిచర్ హెర్బ్ స్కోర్‌కు 1957లో బంతి వచ్చి కంటికి తగిలింది. అక్కడితోనే అతని ఆట పోయిందని జనం చెప్పుకున్నారు. స్కోర్ మాత్రం ఒప్పుకోలేదు. మరుసటి ఏడాది చెయ్యి దెబ్బతినడమే అసలు కారణం అనేవాడు. నేను ఆయన మాటే నమ్ముతాను.

ఇప్పుడు ‘పిచ్ స్మార్ట్’ పేరుతో మేజర్ లీగ్ బేస్‌బాల్, యూఎస్ఏ బేస్‌బాల్ కలిసి ఇచ్చిన పట్టిక ఉంది. 9, 10 ఏళ్ల పిల్లలు రోజుకు 75 బంతులు మించి వేయకూడదు. 11, 12 ఏళ్లవాళ్లకు 85. ఈ వయసుల్లో 66 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వేస్తే నాలుగు రోజులు విశ్రాంతి. పిల్లలు రెండు టీముల్లో ఆడుతుంటే ఏ కోచ్ లెక్క ఆ కోచ్‌దే, రెండూ కలిపి చూసుకోవాల్సింది మనమే. కాబట్టి వచ్చే మ్యాచ్ నుంచి బంతులు మీరే లెక్కపెట్టండి. భుజం నొప్పి అని పిల్లలు చెబితే, స్కోరు ఎంతున్నా సరే, వెంటనే బయటికి పిలిపించండి.