బాణం మీద రోజులు

సభాధ్యక్షులకు, ఈ శిక్షణ శిబిరాన్ని ఏర్పాటు చేసిన చిన్న పరిశ్రమల సంఘం పెద్దలకు, తోటి పారిశ్రామికులకు, వెనుక వరుసల్లో కూర్చున్న వాణిజ్యశాస్త్ర విద్యార్థులకు నమస్కారం. మళ్లీ మళ్లీ జరిగే వ్యాపార ప్రక్రియలను స్లైడుల్లో వలయచిత్రాలుగా ఎలా చూపించాలో చెప్పమని నన్ను పిలిచారు. నేను బాలానగర్‌లో లేత్ పనుల షెడ్డు నడుపుతున్నవాణ్ణి. ఒక వలయచిత్రం నాకు బ్యాంకులో నేర్పిన పాఠం ఉంది. అది చెప్పకుండా ఈ విషయంలోకి నేను వెళ్లలేను.

క్యాష్ క్రెడిట్, అంటే రోజువారీ ఖర్చుల కోసం బ్యాంకు ఇచ్చే అప్పు, పరిమితి పెంచమని అడగడానికి వెళ్తూ ఆరు స్లైడులు సిద్ధం చేసుకున్నాను. మూడో స్లైడులో ఒక వలయం. ఆర్డరు, ముడిసరుకు, తయారీ, సరఫరా, చెల్లింపు అని ఐదు గళ్లు, వాటి మధ్య ఒకే పొడవున్న ఐదు నీలం బాణాలు. మేనేజరుగారు కళ్లజోడు సవరించుకుని, పెన్ను మూతను సరఫరాకూ చెల్లింపుకూ మధ్యనున్న బాణం మీద ఆనించి, "ఇక్కడ ఎన్ని రోజులండీ?" అని అడిగారు. జవాబు నాకు కంఠతా వచ్చు. మా పెద్ద కొనుగోలుదారు 90 రోజులకు ముందు ఏనాడూ డబ్బు ఇచ్చింది లేదు. కానీ ఆ 90 రోజులు నా స్లైడులో లేవు. మూడు రోజుల్లో ముగిసే తనిఖీకీ లారీ లోడుకూ ఎంత బాణం గీశానో, మూడు నెలల ఎదురుచూపుకూ అంతే బాణం గీశాను. నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెడుతున్న విషయాన్ని నా చేత్తో నేనే కప్పిపెట్టి తీసుకువెళ్లాను.

తప్పు వలయానిది కాదు. నాణ్యతా నియంత్రణకు పునాది వేసిన వాల్టర్ షూహార్ట్, నిర్దేశం (సరుకు ఎలా ఉండాలో ముందే చెప్పడం), ఉత్పత్తి, తనిఖీ అనే మూడు మెట్లను సరళరేఖలో కాక వలయంలో చూడాలని 1939లోనే చెప్పారు. తనిఖీలో తేలినది మళ్లీ నిర్దేశాన్ని దిద్దాలన్నది ఆయన ఉద్దేశం. 1950లో ఎడ్వర్డ్స్ డెమింగ్ జపాన్ ఇంజనీర్లకు బోధించిన చక్రానికి మూలం ఇదే. మన సంగీతంలో పల్లవిని గమనించండి. ఆది తాళం ఎనిమిది అక్షరాల ఆవర్తనం పూర్తిచేసుకుని సమానికి, అంటే మొదటి దెబ్బకు, చేరిన ప్రతిసారీ గాయకుడు అదే పంక్తికి కొత్త సంగతి, అంటే కొత్త మలుపు, వేస్తాడు. ఒక చుట్టు నేర్పినది తరువాతి చుట్టులో కనిపించకపోతే అది గానుగెద్దు నడక అవుతుంది. అందువల్ల వలయం గీయబోయే ముందు, చివరి మెట్టు మొదటి మెట్టుకు ఏమి అందిస్తోందని అడగండి. నా స్లైడులో చెల్లింపు నుంచి ఆర్డరుకు బాణం ఉంది. నిజానికి డబ్బు అందితే ఆర్డరు రాదు, ముడిసరుకు వస్తుంది. ఆర్డరు బయటి నుంచి వలయంలోకి ప్రవేశించే విషయం, దానికి విడిగా ఒక బాణం ఉండాలి. ఈ ఒక్క ప్రశ్న వేసుకుని ఉంటే ఆ రోజు సగం తప్పు దిద్దుకునేవాణ్ణి.

గీసే పద్ధతి గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. పైన పన్నెండు గంటల స్థానంలో మొదలుపెట్టి గడియారం ముల్లు తిరిగే దిశలో సాగండి. ఐదారు మెట్లు దాటితే గళ్లు చిన్నవై, అక్షరం చిన్నదై, మన ఒత్తులు పై వరుసకో కింది వరుసకో తగిలి చదవడానికి వీలుకాదు. తెలుగు మాటలను ఎప్పుడూ వంపు వెంట రాయకండి, సగం మాటలు తలకిందులవుతాయి. గడిలో ఒక్క మాట రాసి, వివరం వలయం బయట పెట్టండి.

ఇక అసలు సంగతికి వస్తాను. మైక్రోసాఫ్ట్ 2007 ఆఫీస్ నుంచి పవర్‌పాయింట్‌లో స్మార్ట్‌ఆర్ట్ అనే సిద్ధచిత్రాల సాధనం వచ్చింది. అందులోని సాధారణ వలయాలు ఎన్ని మెట్లుంటే అన్ని సమాన భాగాలు చేస్తాయి. అవి రోజులు ఎరగవు. మీకు రోజులు చూపించాలని ఉంటే డోనట్ చార్టు, అంటే అంకెలను బట్టి ముక్కల పొడవు మారే వలయం, తీసుకోండి. మా షెడ్డు లెక్క చూడండి: ముడిసరుకు 12 రోజులు, తయారీ 15, తనిఖీ, సరఫరా కలిపి 3, డబ్బు కోసం ఎదురుచూపు 90. మొత్తం 120 రోజులు, అంటే రోజుకు 3 డిగ్రీలు. ఎదురుచూపు ఒక్కటే 270 డిగ్రీలు ఆక్రమించింది. వలయంలో ముప్పాతిక భాగం ఒకే రంగు! అయ్యా, మనం యంత్రాల వేగం గురించి రాత్రింబవళ్లు మాట్లాడుకుంటాం, కానీ నా యంత్రాలన్నీ కలిసి పనిచేసిన భాగం 45 డిగ్రీలే.

2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం ప్రకారం, సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి కొన్నవారు ఒప్పందం ఏదైనా సరే, సరుకును అంగీకరించిన రోజు నుంచి 45 రోజులకు మించి డబ్బు ఆపకూడదు. ఆపితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్ల చొప్పున నెలనెలా చక్రవడ్డీ కట్టాలి. ఆ 45వ రోజు దగ్గర వలయం మీద ఎర్రగీత గీశాను. గడువు పాటిస్తే నా చుట్టు 75 రోజుల్లో పూర్తవుతుంది. ఏడాదికి మూడుసార్లు తిరిగే నా పెట్టుబడి దాదాపు ఐదుసార్లు తిరుగుతుంది. అప్పు పెంచమని బ్యాంకుకు వెళ్లే అవసరమే సగం తగ్గుతుంది.

ఆ స్లైడును బ్యాంకు కన్నా ముందు కొనుగోలుదారుకే చూపించాను. చట్టం పేరెత్తి గొడవపడడానికి ధైర్యం చాలలేదు, వచ్చే ఏడు ఆర్డరు వారిదే కావాలి కదా. ఎదురుచూపు భాగాన్ని వారి ముందే ముక్కలు చేసి, ఏ బల్ల మీద ఎన్ని రోజులు ఆగుతోందని అడిగాను. మా బిల్లులను వారి స్టోర్సు విభాగం నెలకొకసారి కట్టగట్టి లెక్కల విభాగానికి పంపుతోందని అప్పుడు తేలింది. నెల మొదట్లో చేరిన బిల్లు దాదాపు 30 రోజులు ఎవరి సంతకం కోసమూ కాకుండానే బీరువాలో ఉంటోంది. ఇప్పుడు వారం వారం పంపుతున్నారు. ఎదురుచూపు 65 రోజులకు వచ్చింది. ఎర్రగీత ఇంకా 20 రోజుల వెనుకే ఉంది, అడుగుతూనే ఉన్నాను.

చివరి ఐదు బిల్లులు తెచ్చుకోమని నిన్ననే మీకు కబురు చేయించాను. వాటిని బయటకు తీయండి. సరుకు అందిన తేదీ ఎడమవైపు, డబ్బు ఖాతాలో పడిన తేదీ కుడివైపు రాసి, మధ్యలో బాణం గీసి, దాని మీద రోజులు వేయండి. డబ్బు ఇంకా రానివాటికి ఈ రోజు తేదీ వేయండి.