జడ్పీ పని ఎక్కడ జరుగుతుంది?

అందరికీ నమస్కారం.

జిల్లా పరిషత్, అదే జడ్పీ, ఉన్నత పాఠశాలలో చదివినవాళ్లు ఒకసారి చేతులెత్తండి. చూశారా, దాదాపు అందరం! ఐదేళ్లు రోజూ ఆ బోర్డు కిందనుంచే బడిలోకి వెళ్లాం. ఆ పరిషత్తు ఎలా నడుస్తుందో మాత్రం ఎవరూ మనకు చెప్పలేదు. నేను జడ్పీ ఆఫీసులో గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా రిటైరైనవాణ్ణి. కళ్లారా చూసిందే చెబుతాను.

1959 అక్టోబరు 11న షాద్‌నగర్‌లో నెహ్రూ గారు మన రాష్ట్రంలో పంచాయతీరాజ్‌ను ప్రారంభించారు. అప్పట్లో ఊరికీ జిల్లాకూ మధ్య సమితులుండేవి. 1986 చట్టంతో వాటి స్థానంలో మండలాలొచ్చాయి. ఇప్పుడున్న రూపం 1994 చట్టంతో వచ్చింది.

మండలానికొక జడ్పీటీసీని, అంటే జిల్లా పరిషత్ సభ్యుణ్ణో సభ్యురాలినో, పార్టీ గుర్తు మీద మనమే ఎన్నుకుంటాం. ఛైర్‌పర్సన్‌ను మాత్రం గెలిచిన జడ్పీటీసీలు తమలోంచి చేతులెత్తి ఎన్నుకుంటారు. ఆఫీసు వ్యవహారమంతా ముఖ్య కార్యనిర్వహణాధికారి, అంటే సీఈవో, చూస్తారు. మన ఆంధ్రలో 2022లో జిల్లాలు 26 అయినా, అంతకుముందు ఏడాది ఎన్నికైన 13 పరిషత్తులే కొనసాగాయి. ఊరు ఒక జిల్లాలో, జడ్పీ ఆఫీసు ఇంకో జిల్లాలో ఉండి ఎంతమంది బస్సులు మారి తిరిగారో నాకు తెలుసు.

డబ్బు సంగతి. సీనరేజిలో, అంటే ఇసుక, రాయిలాంటి ఖనిజాల మీద వసూలయ్యే రుసుములో, వాటా, ఆస్తుల రిజిస్ట్రేషన్‌లో కట్టే స్టాంపు డ్యూటీపై సర్‌ఛార్జి, కేంద్ర ఆర్థిక సంఘం నిధులు ముఖ్యం. 14వ ఆర్థిక సంఘం మొత్తం గ్రామ పంచాయతీలకే ఇచ్చింది. ఆ ఐదేళ్లూ బిల్లుల కోసం వచ్చినవాళ్లకు మేం ఏం చెప్పాలో తెలిసేది కాదు. 15వ సంఘం మళ్లీ జడ్పీలకూ వాటా ఇచ్చింది.

అసలు విషయానికొస్తాను. పేపర్లో ఫొటో వచ్చేది మూడు నెలలకోసారి జరిగే సర్వసభ్య సమావేశానికి. అక్కడ ఎమ్మెల్యేలు, ఎంపీలు, అన్ని శాఖల అధికారులూ ఉంటారు. ఒకసారి, మొదటిసారి గెలిచిన ఒక జడ్పీటీసీ పొద్దున్నుంచీ చేతిలో చీటీ పట్టుకుని కూర్చుంది. వాళ్ల ఊరి బడికి ప్రహరీ లేదు, ఆడపిల్లల మరుగుదొడ్డికి తలుపు లేదు. మైకు ఆమె దాకా వచ్చేసరికి సాయంత్రమైంది, అధికారులు ఫైళ్లు సర్దుకుంటున్నారు. "పరిశీలిస్తాం మేడం" అన్నారు. మినిట్స్‌లో నేను రాసింది ఆ ఒక్క మాటే. చెమటకు నలిగిన ఆ చీటీ నాకింకా గుర్తుంది.

ఇక జడ్పీలో ఏడు స్థాయీ సంఘాలుంటాయి, అంటే ఒక్కో రంగం చూసే చిన్న కమిటీలు. ప్రణాళిక, ఆర్థికం ఒకటి, పనులు ఒకటి, విద్య, వైద్యం ఒకటి, అలా. కలెక్టరు అన్నిట్లోనూ సభ్యులే. చిన్న గది, ఒకటే బల్ల, పదిమంది. అక్కడ మైకు అక్కర్లేదు. నా దృష్టిలో జడ్పీ పని జరిగేది ఆ గదుల్లోనే. కానీ చాలామంది సభ్యులు సంతకం పెట్టి, టీ తాగి వెళ్లిపోతారు. ఇది చూసి నేను బాధపడని ఏడాది లేదు. మీ జడ్పీటీసీ కనబడితే ఏ స్థాయీ సంఘంలో ఉన్నారో, కిందటి సమావేశానికి వెళ్లారో లేదో అడగండి.

చీటీ పట్టుకుని కూర్చున్న ఆ అమ్మాయి పనుల సంఘంలో సభ్యురాలు. తర్వాతి సమావేశంలో ఇంజినీరు ఎదుటే కూర్చుంది.

"ఎస్టిమేట్ వేశాం మేడం, శాంక్షన్ రావాలి."

"ఫైలు ఎవరి దగ్గరుంది సార్?"

ఆయన రిజిస్టరు తెప్పించి చూశారు. ఫైలు మా సెక్షన్లోనే ఉంది, నా పక్క బల్ల మీద. నేనే వెళ్లి తెచ్చిచ్చాను. ఆమె నంబరు నోట్‌బుక్కులో రాసుకుంది. ఆ వేసవి సెలవుల్లో ప్రహరీకి పునాది తీశారు.